వెసెక్స్ హెలికాప్టర్: దళాల రవాణా, ఆయుధాలు, యుద్ధంలో పాత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• బ్రిటిష్ సైన్యం హెలికాప్టర్‌ను దళాల రవాణాకు ఎందుకు ఎంచుకుందో వివరించగలుగుతారు.
• వెసెక్స్‌కు ఆయుధాలు అమర్చడం వల్ల కలిగిన లాభనష్టాలను బేరీజు వేయగలుగుతారు.
• బోర్నియో, ఏడెన్, ఫాక్లండ్స్ అనుభవాలను పోల్చి, ఒక యంత్రం యుద్ధ ఫలితాన్ని ఎంతవరకు మార్చగలదో చర్చించగలుగుతారు.

1. పరిచయం

రెండో ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్ ఒక చిక్కు పరిస్థితిలో పడింది. వలస ప్రాంతాలు ఒక్కొక్కటిగా చేజారుతున్నాయి, ఖజానా ఖాళీ అయింది, సైన్యం సంఖ్య తగ్గుతోంది. అయినా మలయా అడవుల నుంచి అరేబియా కొండల వరకు రక్షణ బాధ్యతలు మిగిలే ఉన్నాయి. తక్కువ మంది సైనికులతో ఎక్కువ భూభాగాన్ని కాపాడడం ఎలా అన్న ప్రశ్నకు దొరికిన సమాధానాలలో హెలికాప్టర్ ఒకటి. ఈ పాఠంలో వెస్ట్‌లాండ్ సంస్థ తయారుచేసిన వెసెక్స్ హెలికాప్టర్ చరిత్రను పరిశీలిద్దాం. ఇది దళాలను మోసేది, అవసరమైతే ఆయుధాలూ ప్రయోగించేది. ఈ రెండు పనులలో ఏది దాని అసలు బలం అన్నదే మన ముందున్న ప్రశ్న.

2. వెసెక్స్‌కు ముందు

1953లో బ్రిటిష్ నౌకాదళానికి చెందిన 848 స్క్వాడ్రన్ అమెరికా తయారీ సికోర్‌స్కీ ఎస్-55 హెలికాప్టర్లతో మలయా చేరుకుంది. రోజుల తరబడి నడిస్తే తప్ప చేరలేని అడవి ప్రాంతాలకు సైనికులను నిమిషాలలో దించడం అక్కడ సాధ్యమైంది.

రెండో మలుపు 1956 నవంబర్ 6న సూయజ్ యుద్ధంలో వచ్చింది. ఓషన్, థీసియస్ అనే విమానవాహక నౌకల నుంచి విర్ల్‌విండ్, సికమోర్ హెలికాప్టర్లు 45 కమాండో దళాన్ని పోర్ట్ సయీద్ తీరానికి చేర్చాయి. సుమారు గంటన్నరలో 400 మందికి పైగా సైనికులు దిగారు. సముద్రం నుంచి హెలికాప్టర్లలో ఇంత పెద్ద దళం యుద్ధరంగంలో దిగడం అదే మొదటిసారి. అయితే ఆ హెలికాప్టర్ల పిస్టన్ ఇంజన్ల శక్తి చాలా తక్కువ. ఒక్కో సికమోర్‌లో ముగ్గురు సైనికులకు మించి పట్టేవారు కాదు.

ఇదే కాలంలో అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం మరో ప్రయోగం చేసింది. ఎస్-58 తరహా హెలికాప్టర్లకు 20 మిల్లీమీటర్ల తుపాకీ, మెషీన్‌గన్‌లు అమర్చి, దళాలు దిగేచోట శత్రువుపై కాల్పులు జరిపించింది. హెలికాప్టర్‌కు ఆయుధాలు కావాలా వద్దా అన్న చర్చకు ఇది ఊపునిచ్చింది.

3. వెసెక్స్ నిర్మాణం

వెసెక్స్ కూడా ఆ ఎస్-58 నుంచి పుట్టినదే. వెస్ట్‌లాండ్ సంస్థ అమెరికా నుంచి తయారీ హక్కులు పొంది, పిస్టన్ ఇంజన్‌ను తీసివేసి దాని స్థానంలో గ్యాస్ టర్బైన్ ఇంజన్‌ను అమర్చింది. టర్బైన్ బరువు తక్కువ, పైగా త్వరగా స్టార్ట్ అవుతుంది. మొదటి రకం 1961లో జలాంతర్గాములను వేటాడే హెలికాప్టర్‌గా నౌకాదళంలో చేరింది.

1963లో తొలిసారి ఎగిరిన మార్క్ 5 రకాన్ని కమాండో దళాల కోసమే రూపొందించారు. ఇందులో రెండు నోమ్ టర్బైన్లను జతచేశారు. ఒకటి ఆగిపోయినా రెండోదానితో ఎగరవచ్చు. ఇంజన్లు ముక్కు భాగంలో, పైలట్లు వాటికి వెనుక ఎత్తున, సైనికులు దిగువ గదిలో ఉండేవారు. కుడివైపు జరిపే పెద్ద తలుపు గుండా 16 మంది వరకు ఎక్కి దిగవచ్చు. విమానవాహక నౌకలైన బుల్వార్క్, ఆల్బియన్‌లను కమాండో నౌకలుగా మార్చి, ఇటువంటి హెలికాప్టర్లకు తేలియాడే స్థావరాలుగా వాడారు.

4. ఆయుధాలు, వాటి బరువు

మార్క్ 5 రకానికి మెషీన్‌గన్‌లు, 2 అంగుళాల రాకెట్లు, ఫ్రాన్స్ తయారీ ఎస్ఎస్-11 క్షిపణులు అమర్చగలిగేవారు. ఎస్ఎస్-11 వెనుక సన్నని తీగ విప్పుకుంటూ పోతుంది. ప్రయోగించిన వ్యక్తి సైట్‌లో నుంచి చూస్తూ, ఆ తీగ ద్వారా సంకేతాలు పంపి దానిని లక్ష్యం వైపు నడిపించాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క గమనించండి. ఒక్కో ఎస్ఎస్-11 బరువు సుమారు 30 కిలోలు. నాలుగు క్షిపణులు, వాటిని మోసే చట్రాలు, గురిచూసే పరికరం కలిస్తే ఒకరిద్దరు సాయుధ సైనికుల బరువుతో సమానం. మెషీన్‌గన్‌లు, తూటాలు చేరితే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. ఎండ తీవ్రంగా ఉండే చోట, ఎత్తైన కొండల మీద గాలి పలుచబడి హెలికాప్టర్ మోయగల బరువు మరింత తగ్గుతుంది. కాబట్టి ఆయుధం ఎక్కిన ప్రతిసారీ ఎవరో ఒక సైనికుడు దిగవలసి వచ్చేది. దళాలు దిగేటప్పుడు రక్షణ కావాలి, కానీ ఆ రక్షణకు మూల్యం దళాల సంఖ్యలోనే చెల్లించాలి. ఈ వైరుధ్యం వెసెక్స్ చరిత్ర అంతటా కనిపిస్తుంది.

5. బోర్నియో అనుభవం

1962 డిసెంబర్ 8న బ్రూనైలో తిరుగుబాటు చెలరేగింది. ఆ వెంటనే మలేషియా ఏర్పాటును వ్యతిరేకించిన ఇండోనేషియాతో ఘర్షణ మొదలై 1966 ఆగస్టు దాకా సాగింది. కాపాడవలసిన సరిహద్దు సుమారు 1,600 కిలోమీటర్లు. అంతా కొండలు, దట్టమైన అడవులు, నదులే. రోడ్లు దాదాపు లేవు.

ఆల్బియన్ నౌక మీద వచ్చిన 845 స్క్వాడ్రన్ తన వెసెక్స్‌ల నుంచి జలాంతర్గాముల వేటకు వాడే సోనార్ పరికరాలను తొలగించి, సరవాక్‌లోని సిబు, నాంగా గాట్ స్థావరాల నుంచి దళాలను, సామగ్రిని మోయసాగింది.

1963 సెప్టెంబర్ 28న లాంగ్ జవాయ్ వద్ద జరిగిన సంఘటన దీని విలువను చాటుతుంది. గూర్ఖాలు, పోలీసులు, స్థానిక సరిహద్దు స్కౌట్లు కలిసి కాపలా కాస్తున్న ఆ చిన్న శిబిరంపై ఇండోనేషియా వైపు నుంచి వచ్చిన పెద్ద దళం దాడి చేసింది. మొదట్లోనే రేడియో మూగబోవడంతో వార్త బయటకు పొక్కలేదు. బతికి బయటపడినవారు అడవి దారిన నడిచి కబురు చేర్చారు. అప్పుడు వెసెక్స్‌లు గూర్ఖా దళాలను దాడిచేసినవారికంటే ముందు దించాయి. పడవల్లో తిరిగి వెళ్తున్న వారిని నది ఒడ్డున మాటువేసిన గూర్ఖాలు దెబ్బతీశారు. ఇక్కడ హెలికాప్టర్ పని సైనికులను సరైన చోటికి, సరైన సమయానికి చేర్చడం. తుపాకీ పేల్చినవారు నేల మీది సైనికులే.

సైనికచర్యల డైరెక్టర్ జనరల్ వాల్టర్ వాకర్ స్థానిక ప్రజల విశ్వాసం పొందడాన్ని యుద్ధవ్యూహంలో భాగం చేశారు. సైనికులు దిగిన హెలికాప్టర్లే పొడవాటి ఉమ్మడి ఇళ్లలో నివసించే గ్రామీణులకు మందులు తెచ్చేవి, రోగులను ఆసుపత్రికి చేర్చేవి. 1964 నుంచి బ్రిటిష్ దళాలు రహస్యంగా సరిహద్దు దాటి దాడులు చేశాయి. ఆ దాడులకు సైనికులు నడిచే వెళ్లేవారు. హెలికాప్టర్లు సరిహద్దు దాటడంపై కఠినమైన ఆంక్షలుండేవి.

6. ఏడెన్, ఫాక్లండ్స్ పాఠాలు

1964లో అరేబియాలోని రాద్ఫాన్ కొండల్లోనూ వెసెక్స్‌లు దళాలను శిఖరాలకు చేర్చాయి. సైనికంగా ఆ చర్యలు చాలావరకు నెరవేరాయి. అయినా 1967 నవంబర్‌లో బ్రిటన్ ఏడెన్‌ను విడిచిపోక తప్పలేదు. బోర్నియోలో ప్రజల మద్దతు కూడగట్టుకున్నట్టుగా ఏడెన్‌లో కూడగట్టలేకపోవడమే ఈ తేడాకు ముఖ్య కారణం. హెలికాప్టర్ కొండల దూరాన్ని తగ్గించగలిగింది కాని పాలకులకు, ప్రజలకు మధ్య దూరాన్ని తగ్గించలేకపోయింది.

1982 నాటికి వెసెక్స్ పాతబడింది. అయినా ఫాక్లండ్స్ యుద్ధంలో పాల్గొంది. ఏప్రిల్ 22న దక్షిణ జార్జియాలోని ఫార్చునా హిమనదంపై మంచుతుఫానులో చిక్కుకున్న సైనికులను తెచ్చే ప్రయత్నంలో రెండు వెసెక్స్‌లు కూలిపోయాయి. మిగిలిన ఒక్క హెలికాప్టరే అందరినీ క్షేమంగా నౌకకు చేర్చింది. జూన్ 11న స్టాన్లీ పట్టణంలో అర్జెంటీనా అధికారుల సమావేశం జరుగుతుందని భావించిన టౌన్‌హాల్‌పై ఒక వెసెక్స్ ఏఎస్-12 క్షిపణులు ప్రయోగించింది. ఒక క్షిపణి పోలీస్ స్టేషన్‌కు తగిలింది, అసలు లక్ష్యం తప్పింది.

ఈ రెంటికంటే ఎక్కువ చెప్పే సంఘటన మే 25న జరిగింది. అట్లాంటిక్ కన్వేయర్ నౌకను ఎక్సోసెట్ క్షిపణులు ఢీకొన్నప్పుడు అందులోని ఆరు వెసెక్స్‌లు, మూడు పెద్ద చినూక్‌లు కాలిపోయాయి. దాంతో వందలాది సైనికులు బరువైన సంచులు మోస్తూ తూర్పు ఫాక్లండ్ దీవి మీదుగా చిత్తడి నేలల్లో కాలినడకన సాగవలసి వచ్చింది. దళాలను మోసే హెలికాప్టర్ విలువ అది లేనప్పుడే స్పష్టంగా తెలిసింది.

7. సారాంశం

వెసెక్స్‌కు అమర్చిన ఆయుధాలు దళాల రక్షణకు తోడ్పడ్డాయి. కానీ యుద్ధాలలో దాని ముఖ్యమైన పాత్ర రవాణాయే. ఈ అనుభవాల తరువాత దళాలు మోసే హెలికాప్టర్లు, దాడిచేసే హెలికాప్టర్లు వేర్వేరు దారులు పట్టాయి. బ్రిటిష్ సైన్యంలో లింక్స్ హెలికాప్టర్లు ట్యాంకులను ఛేదించే క్షిపణులు ధరించగా, ప్యూమా, చినూక్‌లు రవాణా బాధ్యత స్వీకరించాయి. బ్రిటిష్ వైమానిక దళంలో చివరి వెసెక్స్‌లు 2003లో విరమించాయి. ఒక యంత్రం విలువను అది మోసిన ఆయుధాలతో మాత్రమే కొలవలేమని, దానిని ఏ రాజకీయ లక్ష్యం కోసం, ఏ ప్రజల మధ్య వాడారో కూడా చూడాలని ఈ చరిత్ర తెలియజేస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పిస్టన్ ఇంజన్ స్థానంలో టర్బైన్ ఇంజన్ రావడం వల్ల కలిగిన ప్రయోజనాలేవి?
2. లాంగ్ జవాయ్ సంఘటనలో హెలికాప్టర్ పాత్రను వివరించండి.
3. ఒకే రకం హెలికాప్టర్ వాడినా బోర్నియోలో, ఏడెన్‌లో ఫలితాలు వేరుగా ఎందుకు వచ్చాయి? చర్చించండి.