బస్తరులో ఆలుమగల తగవు: ఊరిపెద్దల నుండి మహిళా ఠాణా దాకా

బస్తరు అడవిసీమలో ఆలుమగల తగవు తరతరాలుగా ఊరిపెద్దల ఎదుటనే తీరుతూ వచ్చింది. మాంఝీ, చాల్కీ వంటి ఆ పెద్దలు సాధారణంగా పురుషులే. అయినా గోండు స్త్రీకి తన ఇష్టం తెలుపుకొనే దారి ఒకటి ఉన్నది. మనసైనవాని ఇంట తానే అడుగుపెట్టి ఇల్లాలయ్యే ఆచారాన్ని అక్కడ 'పైఠు' అంటారు.

తగవు తీరనిచోట ఏమయ్యేదో వెరియర్ ఎల్విన్ 1943లో ప్రకటించిన 'మరియా మర్డర్ అండ్ సూసైడ్' చూపుతుంది. దండామి మరియాలలో ఆయన పరిశీలించిన 100 హత్య కేసులలో అనుమానం, ఇంటి కలహం పదేపదే కానవస్తాయి. నాడు పోలీసులు వచ్చేది ప్రాణం పోయిన తరువాతనే.

ప్రాణం పోకముందే గోడు వినే ఠాణా తరువాతి కాలపు భావన. దేశంలో తొలి మహిళా పోలీసు ఠాణా 1973లో కోళికోడులో వెలసింది. భార్యపట్ల క్రూరత్వాన్ని నేరంగా పరిగణించే 498-ఎ సెక్షను 1983లో శిక్షాస్మృతిలో చేరింది. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌లోనూ మహిళా ఠాణాలు, కుటుంబ పరామర్శ కేంద్రాలు నెలకొన్నాయి. దాంపత్య వివాదాలలో కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చునని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది.

స్త్రీ గోడు స్త్రీయే వినడం చిన్న మార్పు కాదు. కాని రాజీ పేరిట ఆమెను దెబ్బలు తిన్న ఇంటికే పంపితే వినేవారు మారినా తీర్పు మారనట్లే. పైఠు గుర్తించిన ఆమె ఇష్టానికి ఠాణాలోనూ చోటుండాలి.