అఫ్జల్‌గంజ్ ప్రశ్న – వేలికొసన వెలుగు



2020, 21 సంవత్సరాల కోవిడ్ రోజుల్లో మన పింఛనుదార్ల ఇళ్ళల్లో బి.పి. మిషను పక్కన వేలికి తగిలించే ఆక్సీమీటరు కూడా చేరింది. దాని వెనకున్న ప్రశ్నపై ఒకప్పుడు మన ఊళ్ళోనే పెద్ద విచారణ జరిగింది.

పాతబస్తీ నుంచి నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రికి ముందు అక్కడ నిజాం సర్కారు దవాఖానా ఉండేది. 1908 మూసీ వరదలో అది పోయింది. 1880లలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ అక్కడ క్లోరోఫారం మత్తులో ఆపరేషన్లు చేసేవారు. క్లోరోఫారం పీల్చిన రోగి ఒక్కోసారి బల్లమీదే ప్రాణం విడవడం ఆనాడు అన్ని దేశాల్లోనూ ఉన్నదే. ముందు ఆగేది గుండెా, ఊపిరా? మత్తు ఇచ్చేవారు నాడి పట్టుకోవాలా, శ్వాస కనిపెట్టాలా?

శ్వాసే అన్నారు లారీ. 1888లో ఒక కమిషన్ కుక్కలపై ప్రయోగాలు చేసి అదే తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌన్లు ఇచ్చి ఆ పత్రిక మనిషినే రప్పించారు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది మూగజీవాలు బలయ్యాయి, అది తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. రెండవ కమిషన్ కూడా శ్వాసే అంది. ఆ ఏడే హైదరాబాద్ వైద్య పాఠశాల చదువు ముగించిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడి ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి మత్తు ఇచ్చారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెబుతారు.

అయితే 1911లో లెవీ అనే వైద్యుడు, తేలికపాటి క్లోరోఫారం మత్తులో పిల్లుల గుండె హఠాత్తుగా లయతప్పి ఆగడం చూపారు. కనుక మనవాళ్ళ తీర్పు సగమే నిజం. శ్వాసను కనిపెట్టమన్న సలహా మాత్రం మంచిదేనని నా అభిప్రాయం.

చిత్రమేమంటే, లారీ కమిషన్‌కు 12 ఏళ్ళ ముందే, 1876లో, జర్మనీలో కార్ల్ ఫియరోర్ట్ వేలికి కట్టుకట్టి రక్తప్రసారం ఆపి, వేలిగుండా వెలుగు పంపి చూశారు. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం వెలుగును వేర్వేరుగా మింగుతాయి. కట్టిన వేలిలో ఆక్సిజన్ గుర్తు క్రమంగా చెరిగిపోయింది. లోపలి కణజాలం దాన్ని ఖర్చు పెట్టుకుంటోందన్నమాట!

1974లో జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి నాడి కొట్టుకోవడాన్నే ఆధారం చేసుకుని వెలుగుతో రక్తంలోని ఆక్సిజన్ కొలిచే మార్గం చూపారు. అఫ్జల్‌గంజ్‌లో తగవుపడ్డ రెండింటిలో నాడి నేరుగా, శ్వాస ఫలితం ఆక్సిజన్ అంకెగా, ఒకే తెరమీదికి వచ్చాయి. 1977లో అమెరికాలో ఫ్రాన్స్ యోబ్సిస్, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి పుర్రెను దాటి మెదడు సంగతి కూడా చెప్పగలదని నిరూపించారు. ఇప్పుడు గుండె ఆపరేషన్లలో నుదుట అంటించే పట్టీ ఆ పద్ధతిదే. బి.పి. పట్టీ బిగించి, కండలో ఆక్సిజన్ ఎంత వేగంగా తగ్గుతుందో చూసి వాడకం లెక్కకట్టడమూ ఉంది. అది ఫియరోర్ట్ కట్టుకు మనవడు!

మన ఇంటి ఆక్సీమీటరు మాత్రం ధమని రక్తంలో ఎంత సరుకు వస్తోందో చెబుతుందే గాని, లోపల ఎంత ఖర్చవుతోందో చెప్పదు. చల్లబడ్డ వేళ్ళు, గోళ్ళ రంగు దాన్ని తికమక పెడతాయి. ముదురు చర్మం వారిలో అసలుకంటే ఎక్కువ చూపవచ్చని 2020లో అమెరికా వైద్యులు ప్రకటించారు. అందుకే మా ఇంట్లో అంకె 98 ఉన్నా, ఆయాసంగా ఉంటే ఆటో పిలుస్తాం.