అరచేతిలో సున్నా

పొద్దున ఆరు గంటలకు బడి. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు సరస్వతి పేరు రాస్తాడు. రెండోవాడి చేతిలో సున్నా చుడతాడు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ వెనక వచ్చేవాళ్ళకు తలా ఒకటి ఎక్కువ. బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో వీధిబడి ఇలా కనిపిస్తుంది.

జిల్లాల్లో బడులెన్ని, చదివే పిల్లలెందరు అని అంతకు ముందు ఏడాది గవర్నరు మన్రో అడిగాడు. దానికి జవాబు ఇది. జిల్లా మొత్తానికి 533 బడులు, వాటిలో తెలుగువి 226. మా అనంతపురం అప్పుడు బళ్ళారిలోనే ఉండేది, 1882లో గానీ వేరుపడలేదు. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం రాసినవాడు, పైపైన చూసి వదిలిపెట్టలేదు. చదవనివాణ్ణి చేతులు కట్టి పైకప్పుకు వేలాడదీయడం, ఆపకుండా కూర్చుని లేవమనడం కూడా రాశాడు. కోదండం, గుంజీలు అని మా తాత చెప్పినవి అవే.

చరిత్రకారుడు ధరంపాల్ 1983లో అచ్చువేసిన పుస్తకంలో ఆ నివేదిక చదివినప్పుడు నేను లెక్కల మాస్టర్ని. కోదండం దగ్గర కాదు, ఆ వరుస దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే అదే పని నేనూ చేస్తున్నాను. యూనిట్ టెస్టు పేపర్లు దిద్ది, ఎక్కువ మార్కులది పైన, తక్కువది అడుగున పేర్చుకుని, పేరు పిలిచి ఇచ్చేవాణ్ణి. నా చిన్నప్పుడు మా సారూ అట్లే ఇచ్చేవాడు. సగం కట్ట అయిపోయాక కూడా నా పేరు రాకపోతే అరచేతులు చెమటపట్టి నిక్కరుకు తుడుచుకోవడం నాకింకా గుర్తుంది. గుర్తుండి కూడా ఇరవై ఏళ్ళు పిల్లలకు అదే చేశాను. నా చేతిలో బెత్తం లేదు కదా అనుకున్నాను.

మా తరగతిలో ఒక పాప ఉండేది. ఆ కట్టలో పైనుంచి మొదటి పేపరో రెండో పేపరో ఎప్పుడూ ఆమెదే. పరీక్ష రోజు మొహం పాలిపోయి వచ్చేది.

"ఏం పాపా, అన్నం తిని వచ్చినావా?"

"తింటే కక్కొస్తాది సార్."

వెనకబడినవాళ్ళకే భయం అనుకునేవాణ్ణి. చేతిలో సరస్వతి రాయించుకున్నవాళ్ళకు రేపు ఆ పేరు చెరిగిపోతుందేమోనన్న భయం అంతకు మించి ఉంటుందని ఆ పాప వల్ల తెలిసింది. రామానుజన్ సంగతి చూడండి. బడిలో లెక్కల్లో బహుమతులు గెలిచాడు. కుంభకోణం కాలేజీలో మిగతా సబ్జెక్టులు తప్పాయి, స్కాలర్‌షిప్పు పోయింది. 1905 ఆగస్టులో, పదిహేడేళ్ళ వయసులో, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వైపు వచ్చేశాడు. అంతటి బుర్రకు కూడా ఆ పూట ఇంటికి పోవడానికి మొహం చెల్లలేదు.

ఆ ఏడాది నుంచి పేపర్లు హాజరుపట్టీ వరుసలో, బోర్లించి, బెంచీ మీద పెట్టడం మొదలుపెట్టాను. ఇంకో పని కూడా చేశాను. 2011లో షికాగో విశ్వవిద్యాలయంలో రమిరెజ్, బైలాక్ అనే ఇద్దరు చేసిన పరిశోధన 'సైన్స్' పత్రికలో వచ్చింది. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించి కాగితం మీద రాసుకున్న తొమ్మిదో తరగతి పిల్లల్లో, భయం ఎక్కువగా ఉండేవాళ్ళు, అంతే భయం ఉండి అలా రాసుకోనివాళ్ళకన్నా పరీక్ష బాగా రాశారట. లెక్కల మాస్టరుకు ఇది తేలిగ్గానే అర్థమైంది. మనసులో లెక్క కట్టుకోవడానికి ఉండే జాగా కొంచెమే. దిగులంతా అక్కడే రఫ్ వర్క్ చేస్తూ కూర్చుంటే అసలు లెక్కకు చోటెక్కడిది? అందుకని టెస్టుకు ముందు పిల్లలకు తెల్లకాగితం ఇచ్చి, ఏమైనా రాయండి, నేను చదవను, చించి పారేయండి అనేవాణ్ణి. మొదటి రెండుసార్లు ఎవరూ ఏమీ రాయలేదు. మూడోసారి వెనక బెంచీ పిల్లవాడు ఇంకో కాగితం అడిగాడు. ఆ పాప కూడా రాసింది. కక్కడం ఒక్కరోజులో ఆగలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు మాత్రం తనంతట తానే వచ్చి, రెండు దోసెలు తిన్నానని చెప్పింది.

ప్రభుత్వానికీ ఈ వరుస బాధ తెలియకపోలేదు. 2012లో పదో తరగతికి మార్కుల బదులు గ్రేడ్లు తెచ్చారు. పదేళ్ళకు ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ మార్కులే వచ్చాయి.

నాకు ఆ రెండోవాడి సున్నా మీద మనసు. దానికి అర్థం కూడా కాంప్‌బెల్ రాశాడు: పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మొదటివాడికీ మూడోవాడికీ మధ్య, ఎవరూ కొలవని కాస్త చోటు. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ అయ్యవారు దాన్ని ఒక్కడికే ఇచ్చాడు. నేను రిటైరయ్యే ఏడాది, పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు పోయే ముందురోజు, పిల్లలకు ఈ కథ చెప్పి ఎవరి చేతిలో వాళ్ళను సున్నా చుట్టుకోమన్నాను. నా చేతిలోనూ చుట్టుకున్నాను. పరీక్ష హాల్లో చేతి మీద రాత కనిపిస్తే కాపీ అనుకుంటారు, ఇంటికి పోయి కడుక్కోండి అని కూడా చెప్పాను. సాయంత్రం బెల్లు కొట్టాక బడి కొళాయి దగ్గర ఇద్దరు ముగ్గురే చేతులు కడుక్కున్నారు. మిగతావాళ్ళు పిడికిళ్ళు మూసుకుని ఇళ్ళకు పోయారు.