నీటి ఎద్దడి కాలపు వాడకం ఆంక్షలు: చీపురుపల్లి ప్రాంతం

నీళ్లు చాలని రోజుల్లో పంచాయతీలు, పురపాలక సంఘాలు, జిల్లా యంత్రాంగం నీటి వాడకానికి పెట్టే హద్దులే నీటి వినియోగ ఆంక్షలు. ఫలానా పనికి నీళ్లు వాడొద్దనడం, కొళాయి వదిలే వేళలు కుదించడం, బోర్లు తవ్వకుండా, తోడకుండా ఆపడం, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. నగరాల్లో మొదటి రకానిదే పెత్తనం. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి కార్లు కడగడానికి, తోటలకు, ఇళ్లు కట్టడానికి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అంది. విజయనగరం జిల్లా చీపురుపల్లి చుట్టుపక్కల ఈ తరహా ఆంక్షకు పెద్దగా పని లేదు. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. అంతకు ముందున్న కొలత 40 లీటర్లే. అందులో వంట, తాగడం, స్నానం, బట్టలు, అంట్లు పోగా తగ్గించుకోమని చెప్పడానికి మిగిలేది ఏమీ ఉండదు. ఇలాంటి చోట ఆంక్ష పనిచేయాలంటే దాన్ని మోటారు మీద పెట్టాలి. బిందె మీద పెడితే అసలే తక్కువ వాడేవాళ్లకు శిక్ష వేసినట్టవుతుంది తప్ప నీరు మిగలదు.

చీపురుపల్లి హౌరా–చెన్నై రైలు మార్గం మీది మండల కేంద్రం. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడే దాకా ఈ తాలూకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. ఏడాదికి ఇంచుమించు 1,100 మి.మీ. వాన పడే జిల్లా ఇది. రాయలసీమ లెక్కన చూస్తే అదృష్టవంతుల నేల. అయినా వేసవిలో ఎద్దడి వస్తోందంటే కారణం నేల కింద వెతకాలి. ఇక్కడి అడుగురాయి ఎక్కువగా ఖోండలైటు. గట్టి రాతిలో నీరు నిలవదు. పైన మెత్తబడి పొడిపొడిగా మారిన పొరలో, దాని కింద రాతి చీలికల్లో ఎంత పడితే అంతే. డెల్టాలోలా లోతైన ఇసుక పొరలు లేవు కాబట్టి వానాకాలంలో నిండినది సంక్రాంతి దాటాక తరుగుతూ మే నాటికి అడుగంటుతుంది. నుయ్యి ఎండితే బోరు, ఆ బోరు ఎండితే మరింత లోతు బోరు వేస్తున్నారు. కొత్త బోరు కొత్త నీటిని పుట్టించదు, పక్కవాడి చీలికలో ఉన్నదాన్నే ముందుగా లాగేస్తుంది. చంపావతి, నాగావళి నదుల ఇసుకలో తవ్విన ఊట బావుల మీద ఆధారపడిన రక్షిత మంచినీటి పథకాలకు గండం మరో రకంగా వస్తుంది: ఏరు పారడం ఆగాక ఇసుకలో దాగిన నీరే వాటికి దిక్కు, ఆ ఇసుకను తవ్వి తరలిస్తే ఊటా తగ్గిపోతుంది.

మోటారు మీదే ఎందుకంటే, లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. వరికి మొత్తం 1,200 మి.మీ. నీరు కావాలనుకుంటే ఎకరానికి దాదాపు 48 లక్షల లీటర్లు. పంట కాలం 120 రోజులైతే రోజుకు 40 వేల లీటర్లు. మనిషికి 55 లీటర్ల చొప్పున అది ఏడు వందల పైచిలుకు మందికి ఆ రోజుకు సరిపడే నీరు; ఒక చిన్న పల్లె అన్నమాట. మడిలో పెట్టిన నీటిలో కొంత మళ్లీ ఇంకి భూమిలోకే చేరుతుంది కనుక ఈ అంకెను కొంత తగ్గించి చదువుకోవాలి. సగం చేసినా వాదన చెక్కుచెదరదు. వేసవిలో బోరు కింద వేసిన ఒక్క ఎకరం వరి ఆగితే మిగిలేది, ఊరంతా రోజుకో బిందె తగ్గించుకున్నా మిగలదు.

చట్టం కూడా ఈ దారినే చూపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, జనం నోట వాల్టా, 2002లో వచ్చింది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి గానీ బోరు గానీ తవ్వకూడదని అది చెబుతుంది. ఊరి తాగునీటి కోసం తవ్వే బావికి, తాగడానికి వేసుకునే చేతిపంపుకు ఇందులో మినహాయింపు ఉంది. తోడడం వల్ల భూగర్భ జలమట్టానికి హాని కలిగే ప్రాంతంలో నీళ్లు తోడడాన్ని ఆరు నెలలకు మించకుండా నిషేధించే అధికారాన్నీ, అవసరమైతే పొడిగించే వీలునూ ఇచ్చింది. అంటే చీపురుపల్లికి కావలసిన ఆయుధం పుస్తకంలో ఇరవై ఏళ్లకు పైగా ఉంది. దాన్ని వాడవలసిన వేళే తప్పిపోతోంది. ఏప్రిల్‌లో ట్యాంకర్లు తిరగడం మొదలయ్యాక బోర్లు ఆపమంటే పంట అప్పటికే పొట్ట మీద ఉంటుంది. ఆ దశలో రైతు వినడు, వినమనడం న్యాయమూ కాదు. నాట్లకు ముందే, అంటే డిసెంబరు, జనవరి నాటికే, ఊరి బోరులో నీటిమట్టం చూసి ఫలానా పరిధిలో వేసవి వరి వద్దని చెప్పాలి. పెసర, మినుము, నువ్వు తక్కువ తడితో గట్టెక్కే పంటలు, ఇక్కడివాళ్లకు కొత్తవీ కావు.

పొలం బోరుది ఒక మోటారు, రెండోది ఇంటి కొళాయికి తగిలించేది. ఎత్తు మీది ట్యాంకు నుంచి నీళ్లు వాలుకు దిగి వస్తాయి. ట్యాంకుకు దగ్గరి వీధిలో నాలుగిళ్లవాళ్లు అర హెచ్‌పీ మోటార్లు బిగించి మేడ మీదకు లాగితే చివరి వీధిలో కొళాయి బుసకొట్టి ఊరుకుంటుంది. అంతటితో పోదు. మోటారు లాగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. గొట్టం మురుగు కాలువను దాటే చోట చిన్న పగులున్నా బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. రోజు విడిచి రోజు వదిలే ఊళ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే గొట్టాలు గంటల తరబడి ఖాళీగా ఉంటాయి. ఇదే నియోజకవర్గంలోని గుర్లలో 2024 అక్టోబరులో అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. అక్కడ జరిగినదానికి మోటార్లే కారణమని ఇక్కడ అనడం లేదు. ఈ పల్లెల్లో తాగునీరు చెడితే ఎంత దూరం పోతుందో ఆ ఘటన చూపించింది. కనుక వేళలు కుదించడాన్ని చివరి మార్గంగా ఉంచి, మోటార్లు పీకించడాన్ని మొదటి మార్గంగా చేయాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది రైతు పక్షం నుంచి వచ్చేది. అప్పు చేసి వేసుకున్న బోరు, నా భూమి కింది నీరు, ఆపమనడానికి మీరెవరు? 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం భూమి సొంతదారుకు తన నేల కింది నీటిని తీసుకునే హక్కును గుర్తించింది నిజమే. కేరళలోని ప్లాచిమడ కేసులో 2003లో హైకోర్టు న్యాయమూర్తి భూగర్భ జలం ప్రజలదన్నారు, 2005లో అదే హైకోర్టు ధర్మాసనం ఆ తీర్పును తిప్పేసింది, తగవు తెగలేదు. అయితే వాల్టా హక్కును లాక్కోదు, తాగునీటి తర్వాతే మిగతావి అని వరుస మాత్రం పెడుతుంది. వరుసలో వెనక్కి వెళ్లినవాడికి నష్టం రాకూడదన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. ప్రత్యామ్నాయ పంటకు విత్తనమో పరిహారమో ఇవ్వకుండా ఆంక్ష పెడితే అది కాగితం మీదే ఉంటుంది. సేద్యపు నీటి కోత ఎంత ముఖ్యమో చెప్పడానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ మంచి ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ఆ నగరం మనిషికి 50 లీటర్ల హద్దు పెట్టిన సంగతి లోకమంతా చెప్పుకుంది. అదే నెలలో గ్రూన్‌లాండ్ రైతుల సంఘం తమ నిల్వ నుంచి నీరు వదలడం అంతగా చెప్పుకోలేదు. గండం గట్టెక్కడంలో సేద్యపు కోతకూ పెద్ద వాటా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భ జల పథకంలో బావుల మట్టం రైతులే కొలిచి, ఊరి నీటి పద్దు వేసుకుని, పంట నిర్ణయించుకున్నారు. నిషేధం జోలికే పోలేదు. అలాగైతే ఆంక్ష ఎందుకని అడగవచ్చు. లెక్క తెలిసినవాళ్లలో ఎక్కువమంది మారతారు. ఊరి బోరు పక్కనే ఉన్న ఒక్కరు మారకపోయినా ఊరికి నీళ్లుండవు. చట్టం ఆ ఒక్కరి కోసం.

మరో అభ్యంతరం, నది నీరు వస్తే ఇదంతా అక్కర్లేదని. 2015లో ప్రారంభమైన తోటపల్లి బ్యారేజి నుంచి నాగావళి నీరు కాలువలో ఈ వైపు మండలాలకు వస్తోంది, చెరువులు నిండితే చుట్టుపక్కల నూతుల్లో ఊట పెరుగుతుంది. కానీ కాలువ పారేది ముఖ్యంగా ఖరీఫ్‌కు. ఎద్దడి వచ్చేది మేలో. పైగా నది నీటి మీద దూరపు నగరాల కన్ను కూడా ఉంటుంది: ఈ జిల్లాలోనే గోస్తని మీద కట్టిన తాటిపూడి జలాశయం విశాఖపట్నానికి తాగునీరిస్తోంది.

ఆంక్ష ఎప్పుడు ఎత్తేయాలన్నది సాధారణంగా ఎవరూ రాయని విషయం. జూన్‌లో నాలుగు వానలు పడగానే ఉత్తర్వు మరిచిపోవడం అలవాటు. తొలకరి నీటిలో ఎక్కువ భాగాన్ని ఎండిన పైమట్టే తాగేస్తుంది, బోర్లలో మట్టం నిలకడగా పెరగడానికి మరికొన్ని వారాలు పడుతుంది. అందుచేత వాన పడ్డ రోజును కాక ఊరి బోరు మట్టాన్నే గీటుగా పెట్టుకుని, ఆంక్ష పెట్టిన అంకె, ఎత్తేసే అంకె రెండూ పంచాయతీ గోడ మీద ముందే రాయించాలి.