రేటు కట్టని విత్తనం: జహీరాబాద్ సంఘాల కథ

జీతం లేదు, సర్టిఫికెట్ లేదు, లైకులు లేవు. అయినా ఒక పనిని మనిషి ఏళ్ళ తరబడి ఎందుకు చేస్తాడు? ఈ ప్రశ్నకు జవాబు మన నారాయణఖేడ్ పక్కనే, జహీరాబాద్ ఊళ్ళలో, ఒక విత్తనాల బుట్టలో ఉంది.

ముందు కొంచెం హిస్టరీ. 1956 దాకా నారాయణఖేడ్, జహీరాబాద్ రెండూ బీదర్ జిల్లాలోని తాలూకాలు. తర్వాత మెదక్‌లో కలిశాయి, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. వాన పడితేనే పంట. జొన్నరొట్టె తినే నేల.

1983లో రెండు పనులు జరిగాయి. ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలుపెట్టింది. అదే ఏడాది పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. చవక బియ్యం ఆకలి తీర్చింది, అందులో డౌట్ లేదు. కానీ బియ్యం అంత చవకగా దొరుకుతుంటే జొన్న, కొర్ర, సామ ఎవరు వేస్తారు? పంట పోతే వెనకాలే విత్తనమూ పోతుంది.

ఆ విత్తనాన్ని కాపాడింది సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్ళు. ఎక్కువమంది దళితులు, చిన్న చెలకలున్నవాళ్ళు. మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, మట్టీ పేడా మెత్తిన బుట్టల్లో దాచారు. ధాన్యం అమ్ముతారు, విత్తనం మాత్రం అమ్మరు. పక్కింటామె అడిగితే ఇస్తారు. పంట వచ్చాక ఆమె తీసుకున్నదానికంటే ఎక్కువ, మామూలుగా రెట్టింపు, తిరిగి కొలిచి ఇస్తుంది. అంతే, లెక్క సరి.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1973లో స్టాన్‌ఫర్డ్ సైకాలజిస్టులు బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి 'గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. ఇంకొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు బొమ్మల మీద గడిపిన టైమ్ మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగమే! బహుమతి ఆటను కూలిపనిగా మార్చేసింది.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు లోపలి నుంచి వచ్చే ఉత్సాహానికి మూడు కావాలంటారు: నిర్ణయం నాదే అన్న భావన, పని వచ్చన్న నమ్మకం, నలుగురితో బంధం. బుట్ట దగ్గరికి మళ్ళీ రండి. ఏం వేయాలో ఆమే నిర్ణయిస్తుంది. ఏ గింజ మొలుస్తుందో ఆమెకు తెలుసు. ఊళ్ళో వాళ్ళు ఆమె గడప దగ్గరికే వస్తారు. మూడూ అక్కడే ఉన్నాయి కదా.

అంటే డబ్బు వద్దా? అలా కాదు. పేదవాళ్ళకు 'తృప్తి చాలు' అని చెప్పడం అన్యాయం. 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ నిధులతో ఈ సంఘాలు పడావు పడ్డ భూములను సాగులోకి తెచ్చాయి. రైతుకు అప్పు ఇచ్చారు, ఆ అప్పును జొన్నల రూపంలో తీర్చుకున్నారు. ఆ జొన్నలను ఊళ్ళోనే నిల్వ చేసి పేదలకు చవకగా ఇచ్చారు. ఎవరు ఎంత పేదో ఊరివాళ్ళే కూర్చుని తేల్చారు. ఇక్కడ డబ్బు పనికి కట్టిన రేటు కాదు, పనికి అందిన సాయం. నా దృష్టిలో అసలు తేడా ఇదే.

పేరు తర్వాతే వచ్చింది. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. అప్పటికి బుట్టలు నిండి దశాబ్దాలు దాటింది. ప్రైజ్ కోసమే మొదలుపెట్టి ఉంటే అన్నేళ్ళు ఆగేవాళ్ళా?

ఇంట్లో కూడా ఇదే లెక్క. 'చదివితే ఫోన్ ఇస్తా' అంటే పిల్లాడికి చదువు ఫోన్‌కు కట్టే రేటు అవుతుంది. ఏ పుస్తకం ముందో వాడినే ఎంచుకోనిచ్చి, అర్థం కానిచోట పక్కన కూర్చుంటే అది సాయం. దానం కూడా అంతే. వీడియో తీస్తేనే ఇవ్వాలనిపిస్తే, కెమెరా లేనిరోజు చెయ్యి ముందుకు రాదు.

మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో విత్తనాలు దాచేవాళ్ళా? ఎలా దాచేవాళ్ళో అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.