విదేశీ గడ్డపై బ్యాటింగ్ సగటు

విదేశీ గడ్డపై బ్యాటింగ్ సగటు అనగా ఒక క్రికెట్ క్రీడాకారుడు స్వదేశం వెలుపల ఆడిన మ్యాచ్‌లలో సాధించిన పరుగుల సగటు. టెస్ట్ క్రికెట్‌లో బ్యాట్స్‌మెన్‌ల స్థాయిని నిర్ణయించడానికి విశ్లేషకులు, సెలెక్టర్లు, అభిమానులు తరచుగా ఉపయోగించే కొలమానాలలో ఇది ఒకటి. చిన్ననాటి నుంచి అలవాటైన పిచ్‌లపై ఆడటం కంటే పరిచయం లేని పిచ్, వాతావరణం, బంతి ఎదురైనచోట పరుగులు సాధించడం కష్టమన్న భావన దీనికి ఆధారం. అయితే ఈ ఒక్క అంకె వెనుక ఏయే దేశాలు, ఎన్ని ఇన్నింగ్సులు, ఏ పరిస్థితులు ఉన్నాయో విడదీసి చూడకపోతే ఇది తప్పు అభిప్రాయానికి దారితీసే అవకాశం కూడా ఉంది.

సగటును లెక్కించే విధానం

బ్యాటింగ్ సగటును లెక్కించడానికి మొత్తం పరుగులను ఇన్నింగ్సుల సంఖ్యతో కాక, బ్యాట్స్‌మన్ ఔటైన పర్యాయాల సంఖ్యతో భాగిస్తారు. ఉదాహరణకు ఒక బ్యాట్స్‌మన్ 8 ఇన్నింగ్సులలో 300 పరుగులు చేసి, వాటిలో 2 సార్లు అజేయంగా నిలిచాడనుకుంటే, 300ని 6తో భాగించగా అతని సగటు 50 అవుతుంది. 8తో భాగిస్తే వచ్చేది 37.5 మాత్రమే. సుదీర్ఘ క్రీడాజీవితంలో ఈ తేడా అంతగా కనిపించదు. కాని ఒక దేశంలో ఆడే ఇన్నింగ్సులు తక్కువగా ఉంటాయి కాబట్టి, ఒకటి రెండు అజేయ ఇన్నింగ్సులు ఆ దేశంలోని సగటును ఎంతగానో పెంచగలవు.

పరిస్థితులలో తేడాలు

టెస్టులు ఆడే దేశాలలో పిచ్, బంతి, వాతావరణం ఒకే విధంగా ఉండవు.

* ఇంగ్లాండు: మబ్బు పట్టిన వాతావరణంలో బంతి గాలిలో ఎక్కువగా స్వింగ్ అవుతుంది. ఇక్కడ వాడే డ్యూక్స్ బంతికి కుట్టు చేతితో వేస్తారు. ఆ కుట్టు ఉబ్బెత్తుగా ఉండి చాలా ఓవర్ల వరకు బౌలర్లకు సహకరిస్తుంది.
* ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా: ఇక్కడి పిచ్‌లపై బంతి వేగంగా, ఎత్తుగా లేస్తుంది. కూకబుర్ర బంతి కొత్తగా ఉన్నప్పుడు ప్రమాదకరమైనా, దాని కుట్టు త్వరగా అణగిపోతుంది. కాబట్టి ప్రారంభ ఓవర్లను కాచుకున్న బ్యాట్స్‌మన్‌కు తరువాత పరుగులు సులభమవుతాయి.
* భారతదేశం, శ్రీలంక: పొడి పిచ్‌లు ఆట సాగేకొద్దీ పగిలి స్పిన్ బౌలర్లకు అనుకూలిస్తాయి. భారతదేశంలో ఎస్‌జీ బంతిని వాడతారు.

విదేశీ పరిస్థితులనగానే భారత అభిమానులకు దక్షిణాఫ్రికా, ఇంగ్లాండు, న్యూజీలాండ్, ఆస్ట్రేలియాలు గుర్తుకు వస్తాయి. ఈ నాలుగు దేశాల ఆంగ్ల పేర్లలోని మొదటి అక్షరాలను కలిపి వీటిని సేనా దేశాలు అని పిలవడం వాడుకలోకి వచ్చింది. కాని ఆ దేశాల బ్యాట్స్‌మెన్‌లకు భారత ఉపఖండమే విదేశీ పరీక్ష. టెస్టులలో 51.85 సగటు సాధించిన ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ రికీ పాంటింగ్, భారతదేశంలో ఆడిన 14 టెస్టులలో 26.48 సగటు మాత్రమే పొందగలిగాడు. అదే దేశానికి చెందిన మాథ్యూ హేడెన్ 2001లో భారతదేశంలో 3 టెస్టులలోనే 549 పరుగులు చేశాడు. ఇంగ్లాండుకు చెందిన అలిస్టర్ కుక్ 2012లో ఇక్కడ 4 టెస్టులలో 562 పరుగులు సాధించి తన జట్టుకు సీరీస్ విజయాన్ని అందించాడు.

స్వదేశ, విదేశ సగటుల పోలిక

రిటైరైన కొందరు ప్రముఖ బ్యాట్స్‌మెన్‌ల టెస్టు సగటులు కింది విధంగా ఉన్నాయి.

* మహమ్మద్ అజహరుద్దీన్ (99 టెస్టులు): స్వదేశంలో 55.93, విదేశాలలో 36.40
* వి.వి.యెస్. లక్ష్మణ్ (134 టెస్టులు): స్వదేశంలో 51.60, విదేశాలలో 42.49
* వీరేంద్ర సెహ్వాగ్ (104 టెస్టులు): స్వదేశంలో 54.13, విదేశాలలో 44.65
* బ్రియాన్ లారా (131 టెస్టులు): స్వదేశంలో 58.65, విదేశాలలో 47.80
* సునీల్ గవాస్కర్ (125 టెస్టులు): స్వదేశంలో 50.16, విదేశాలలో 52.11
* సచిన్ టెండుల్కర్ (200 టెస్టులు): స్వదేశంలో 52.67, విదేశాలలో 54.74
* రాహుల్ ద్రవిడ్ (164 టెస్టులు): స్వదేశంలో 51.35, విదేశాలలో 53.03
* అలాన్ బోర్డర్ (156 టెస్టులు): స్వదేశంలో 45.94, విదేశాలలో 56.57
* కెన్ బారింగ్టన్ (82 టెస్టులు): స్వదేశంలో 50.71, విదేశాలలో 69.18

సెహ్వాగ్, లారా, ద్రవిడ్‌ల లెక్కలో 2005లో సిడ్నీలో ప్రపంచ జట్టు తరఫున ఆడిన ఒక్కొక్క టెస్టు కూడా చేరి ఉంది. స్వదేశంలో ఆడటం ఎల్లప్పుడూ సులభమనే అభిప్రాయం పూర్తిగా నిజం కాదని బోర్డర్, బారింగ్టన్‌ల అంకెలు తెలియజేస్తున్నాయి.

ఒకే అంకెలో దాగిన తేడాలు

దేశాల మధ్య తేడా: సెహ్వాగ్ విదేశీ సగటు 44.65ను చూస్తే అతను అన్నిచోట్లా ఓ మోస్తరుగా రాణించినట్లు అనిపిస్తుంది. వాస్తవానికి పాకిస్తాన్‌లో అతని సగటు 90కి పైగా ఉండగా, ఇంగ్లాండు, దక్షిణాఫ్రికా, న్యూజీలాండ్‌లలో విడివిడిగా 30కి లోపే ఉంది. 2004లో ముల్తాన్‌లో చేసిన 309, 2006లో లాహోర్‌లో చేసిన 254 పరుగులు కూడా విదేశీ పరుగుల కిందికే వస్తాయి. అయితే పేస్ పిచ్‌లపై అతను ఆడలేడని తేల్చడం కూడా సరికాదు. 2003 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాపై అతను 195 పరుగులు సాధించాడు.

ప్రత్యర్థి బలం: టెండుల్కర్ విదేశాలలో 106 టెస్టులు ఆడి 8705 పరుగులు చేశాడు. ఇందులో బంగ్లాదేశ్‌లో ఆడిన 7 టెస్టులలో చేసిన 820 పరుగులు ఉన్నాయి. అక్కడ అతను ఔటైనది 6 సార్లే. ఆ టెస్టులను తొలగించి లెక్కిస్తే అతని విదేశీ సగటు 54.74 నుంచి సుమారు 51.5కు తగ్గుతుంది. అంటే స్వదేశంలో కంటే విదేశాలలోనే సగటు ఎక్కువ అనే నిర్ణయం తారుమారవుతుంది. అయితే ఇటువంటి సవరణను ఒకరికి మాత్రమే చేసి పోల్చడం న్యాయం కాదు. పోల్చదలచిన వారందరికీ ఒకే నియమాన్ని వర్తింపజేయాలి.

పర్యటనల మధ్య తేడా: విరాట్ కోహ్లీ 2014లో ఇంగ్లాండు పర్యటనలో 10 ఇన్నింగ్సులలో 134 పరుగులు మాత్రమే చేశాడు. సగటు 13.40. ఆఫ్‌స్టంప్ బయట స్వింగ్ అయ్యే బంతులకు అతను పదే పదే ఔటయ్యాడు. 2018లో అదే దేశంలో మళ్ళీ 10 ఇన్నింగ్సులు ఆడి 593 పరుగులు సాధించాడు. సగటు 59.30. ఈ రెండు పర్యటనలను కలిపితే 20 ఇన్నింగ్సులలో 727 పరుగులు, సగటు 36.35 వస్తుంది. ఈ అంకె మొదటి పర్యటనలోని వైఫల్యాన్ని గాని, రెండవ పర్యటనలోని విజయాన్ని గాని చెప్పదు. నాలుగేళ్ళలో ఆటగాడు నేర్చుకున్నది సగటులో కనిపించకుండా పోతుంది.

దేశాల సంఖ్య: 99.94 సగటు కలిగిన డొనాల్డ్ బ్రాడ్‌మన్ తన 52 టెస్టులను రెండు దేశాలలోనే ఆడాడు. 33 టెస్టులు స్వదేశమైన ఆస్ట్రేలియాలో, 19 టెస్టులు ఇంగ్లాండులో ఆడాడు. విదేశాలలో అతని సగటు 102.84 అంటే అది ఇంగ్లాండులోని సగటే. ఇందువల్ల అతని గొప్పతనం తగ్గదు గాని, పది దేశాలు తిరిగిన నేటి ఆటగాళ్ళ విదేశీ సగటుతో దానిని నేరుగా పోల్చడం కుదరదు.

తటస్థ వేదికలు: 2009 మార్చిలో లాహోర్‌లో శ్రీలంక జట్టుపై జరిగిన దాడి తరువాత పాకిస్తాన్‌లో టెస్టులు నిలిచిపోయాయి. 2019 డిసెంబరులో అవి తిరిగి ప్రారంభమయ్యే వరకు పాకిస్తాన్ తన సొంత సీరీస్‌లలో ఎక్కువ భాగాన్ని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఆడింది. ఆ టెస్టులను స్వదేశం కింద లెక్కించాలా, విదేశం కింద లెక్కించాలా అన్న దానిని బట్టి ఆ కాలపు పాకిస్తాన్ బ్యాట్స్‌మెన్‌ల అంకెలు మారిపోతాయి.

సగటుకు అందని ఇన్నింగ్సులు

హైదరాబాదుకు చెందిన ఎం.ఎల్. జయసింహ 1968లో ఆస్ట్రేలియా పర్యటన మధ్యలో జట్టులో చేరి, వెంటనే ఆడిన బ్రిస్బేన్ టెస్టులో 74, 101 పరుగులు చేశాడు. 39 టెస్టులలో అతని సగటు 30.68 మాత్రమే అయినా ఆ టెస్టు భారత క్రికెట్ చరిత్రలో నిలిచిపోయింది. పై జాబితాలో స్వదేశ, విదేశ సగటుల మధ్య అత్యధిక లోటు ఉన్న అజహరుద్దీన్ కూడా హైదరాబాదీయే. 1997లో కేప్‌టౌన్‌లో భారత్ 58 పరుగులకే 5 వికెట్లు కోల్పోయిన దశలో టెండుల్కర్‌తో కలిసి 222 పరుగులు జోడించి, 115 పరుగులు చేసినది ఆ బ్యాట్స్‌మనే.

అదే నగరానికి చెందిన లక్ష్మణ్ 2010 డిసెంబరులో డర్బన్ టెస్టు రెండవ ఇన్నింగ్సులో 96 పరుగులు చేశాడు. ఆ మ్యాచ్‌లో రెండు జట్లలో కలిపి 50 దాటిన స్కోరు అదొక్కటే. భారత్ 87 పరుగుల ఆధిక్యతతో గెలిచింది. రికార్డులలో అది శతకం కూడా కాదు. అందరూ 40 లోపే ఔటైన పిచ్‌పై చేసిన 96 పరుగులూ, పరుగుల వరద పారిన పిచ్‌పై చేసిన 96 పరుగులూ సగటు లెక్కలో సమానమే.

కాకినాడలో జన్మించిన హనుమ విహారి ఉదాహరణ మరింత గమనార్హమైనది. అతను 2018 నుంచి 2022 వరకు ఆడిన 16 టెస్టులలో 13 విదేశాలలో ఆడినవే. స్వదేశంలో ఆడే అవకాశం 3 టెస్టులలో మాత్రమే లభించింది. అతని మొత్తం సగటు 33.56ను స్వదేశంలో సగం టెస్టులు ఆడిన వారి సగటుతో పోల్చితే అది అతనికి అన్యాయమే అవుతుంది. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు నాలుగవ ఇన్నింగ్సులో తొడ కండరాల గాయంతో పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. రవిచంద్రన్ అశ్విన్‌తో కలిసి 250కి పైగా బంతులు ఆడి భారత్‌ను ఓటమి నుంచి తప్పించాడు. మొదటి ఇన్నింగ్సులో 4 పరుగులే చేసినందున ఆ టెస్టులో అతని సగటు 27. తదుపరి బ్రిస్బేన్ టెస్టులో గెలిచి భారత్ సీరీస్‌ను 2-1తో సాధించింది. సిడ్నీలో ఓడి ఉంటే ఆ సీరీస్ విజయం సాధ్యమయ్యేది కాదు.

అదే సీరీస్‌లో చతేశ్వర్ పుజారా 271 పరుగులు చేశాడు. సగటు 33.87. అంతకుముందు 2018-19 పర్యటనలో అతను 3 శతకాలతో 521 పరుగులు, 74.42 సగటు సాధించినందున రెండవ పర్యటన విఫలమైనట్లు కనిపిస్తుంది. కాని ఆ 271 పరుగులకు అతను 928 బంతులు ఎదుర్కొన్నాడు. ఆస్ట్రేలియా బౌలర్లను అలసటకు గురిచేసి తరువాతి బ్యాట్స్‌మెన్‌లకు దారి సుగమం చేశాడు.

దీనికి భిన్నంగా అధిక సగటు ఉన్నంత మాత్రాన జట్టు గెలవాలని కూడా లేదు. 2011లో ఇంగ్లాండులో ద్రవిడ్ 3 శతకాలతో 461 పరుగులు, 76.83 సగటు సాధించగా, భారత్ నాలుగు టెస్టులలోనూ ఓడిపోయింది. ఇతర బ్యాట్స్‌మెన్ విఫలమైన సీరీస్‌లో చేసిన పరుగులు కావడం వల్లనే వాటి విలువ మరింత పెరిగింది.

సగటును ఉపయోగించే పద్ధతి

విదేశీ సగటును పూర్తిగా తోసిపుచ్చవలసిన అవసరం లేదు. అజహరుద్దీన్ సగటులోని దాదాపు 20 పరుగుల లోటు 99 టెస్టులలో ఏర్పడినది కనుక దానిని యాదృచ్ఛికమని కొట్టివేయలేము. ఈ కొలమానాన్ని ఉపయోగించేటప్పుడు కింది విషయాలను పరిశీలించాలి.

* విదేశాలన్నింటినీ కలపకుండా దేశాల వారీగా, వీలైతే పర్యటనల వారీగా విడదీయాలి.
* ప్రతి దేశంలో ఎన్ని ఇన్నింగ్సులు ఆడాడో, ఎన్నిసార్లు అజేయంగా నిలిచాడో చూడాలి.
* అదే మ్యాచ్‌లో, అదే పిచ్‌పై ఇరు జట్ల ఇతర బ్యాట్స్‌మెన్ ఎన్ని పరుగులు చేశారో పోల్చాలి.
* ప్రారంభ బ్యాట్స్‌మన్ కొత్త బంతిని, ఆరవ స్థానంలో వచ్చేవాడు పాతబడిన బంతిని ఎక్కువగా ఎదుర్కొంటారు కాబట్టి బ్యాటింగ్ స్థానాన్ని గమనించాలి.
* పరుగులతో పాటు ఎదుర్కొన్న బంతులను, అప్పటి ఆట స్థితిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒక బ్యాట్స్‌మన్ గురించి ఏయే ప్రశ్నలు అడగాలో విదేశీ సగటు సూచిస్తుంది. వాటికి సమాధానాలు మాత్రం అతను ఆడిన ఒక్కొక్క ఇన్నింగ్సు స్కోరుకార్డులో వెతకవలసి ఉంటుంది.