కూలే ముందు ఒక ఫొటో

మా డ్రాయింగ్ సారు దగ్గర అగ్ఫా క్లిక్-3 కెమెరా ఉండేది. రీలుకు పన్నెండే ఫొటోలు. ఒకసారి మమ్మల్ని జనగామ స్టేషన్ చూపించడానికి తీసుకెళ్లి, పదకొండు ఫొటోలు మావి తీసి, చివరిది సరుకుల గోదాముకు తీశారు. "దానికెందుకు సార్, వేస్టు కదా?" అన్నాను. "మీరు మళ్లీ దొరుకుతరు, అది దొరకదురా" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు పాతికేళ్లు పట్టింది.

చరిత్ర అనగానే మనకు కోటలు, గుళ్లు గుర్తొస్తాయి. కానీ జనగామ, మానుకోట పెరగడంలో రైలు పాత్ర పెద్దది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ చేరిన నిజాం రైలు మార్గం 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా సాగింది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టారు. ఆ బొగ్గును తరలించడానికి డోర్నకల్ నుంచి శాఖ లైను పడింది. పట్టాల వెంట గోదాములు, రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, అడ్తి దుకాణాలు లేచాయి. వరంగల్‌లో 1934లో ఆజంజాహీ మిల్లు మొదలైంది. వేల ఇండ్లకు అన్నం పెట్టిన ఆ మిల్లు మూతపడింది. దాని కట్టడాల్లో చాలా భాగం ఇప్పుడు లేదు.

నేను ఇంజినీరునయ్యాక మానుకోట దగ్గర ఒక పాత మిల్లును పరీక్షించే పని పడింది. డంగు సున్నం గోడలు, మంగళూరు పెంకులు, ఇనుప ట్రస్సులు. గోడలు పగుళ్లిచ్చాయి. కూల్చివేయదగినదని నివేదిక రాశాను. అది సరైన నిర్ణయమే. కొన్నేళ్ల తర్వాత, అక్కడ హమాలీగా పనిచేసిన ఒకాయన కొడుకు వచ్చి, "మా నాయిన పనిచేసిన మిల్లు ఫొటో ఏమన్న ఉందా సార్?" అని అడిగాడు. నా దగ్గర నాలుగు ఫొటోలున్నాయి. నాలుగూ పగుళ్లవే. మిల్లు మొత్తంగా కనిపించేది ఒక్కటీ లేదు.

అప్పుడే పాత ఫిల్మ్ కెమెరా కొన్నాను. జర్మనీలో బెర్న్‌డ్, హిల్లా బెకర్ దంపతులు 1959 నుంచి మూతపడుతున్న గనుల గోపురాలను, నీళ్ల ట్యాంకులను నలుపు తెలుపుల్లో తీశారు. మబ్బు పట్టిన రోజున, ఎదురుగా నిలబడి, నీడల హంగు లేకుండా తీయడం వాళ్ల పద్ధతి. నేనూ అదే పాటిస్తాను. కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి వాలినట్టు పడతాయి. అందుకని దూరంగా, వీలైతే ఎదుటి మేడ మీద, స్టాండు వేసి నిలబడతాను. ఎర్ర ఫిల్టరు పెడితే నీలాకాశం నల్లబడి, ఎర్ర ఇటుక తెల్లగా తేలుతుంది. రీలు ఇంట్లోనే కడుగుతాను. ప్రతి నెగెటివ్ కవరు మీద ఊరు, తేదీ, కెమెరా చూస్తున్న దిక్కు రాస్తాను. అవి లేని ఫొటో వందేళ్ల తర్వాత ఎవరికీ సాక్ష్యం కాదు.

"భూపాలపల్లిలో పాతదేముంది?" అని మిత్రులు అడుగుతారు. అక్కడి కేటీకే గనులు మా చదువుల కాలం ముచ్చట. చెల్పూరు విద్యుత్ కేంద్రం మన పిల్లల కాలం నాటిది. బొగ్గు అయిపోయిన రోజు అవీ పాతవే అవుతాయి. అందుకే అనుమతి ఉన్న చోట, పని నడుస్తుండగానే తీస్తున్నాను.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ ఇంట్లో బీరువా అడుగున ఉన్న బ్యాచ్ ఫొటోలు, పెండ్లి ఫొటోలు మరోసారి తీసి చూడండి. మనుషుల వెనక ఏ మిల్లు గోడో, పొగగొట్టమో, స్టేషన్ గోదామో ఉండొచ్చు. ఉత్సవానికి వచ్చేటప్పుడు వాటిని వెంట తెండి. స్కాన్ చేసి అక్కడికక్కడే తిరిగిస్తాను. నన్ను అడిగిన ఆ తమ్ముడికి ఇంకా ఒక ఫొటో బాకీ ఉన్నాను.